పెళ్లిచూపులకు వచ్చిన బడులు

చార్టర్ అనే మాట తెలుగువారికి బొత్తిగా కొత్తది కాదు. ఈస్టిండియా కంపెనీ పట్టాను పొడిగిస్తూ బ్రిటిష్ పార్లమెంటు చేసిన 1813 నాటి చార్టర్ చట్టంలో భారతీయుల చదువుకు ఏటా లక్ష రూపాయలు తీసిపెట్టాలన్న నిబంధన ఉండేదనీ, ఆ లక్షను సంస్కృతం, అరబ్బీలకు పెట్టాలా, ఇంగ్లీషుకు పెట్టాలా అన్న వాదన 1835లో మెకాలే నివేదిక రాసేదాకా తెగలేదనీ పోటీ పరీక్షలకు చదివే ప్రతి విద్యార్థికీ కంఠతా వచ్చు. చార్టర్ అంటే పట్టా. ప్రభుత్వం తాను చేయవలసిన పనిని మరొకరి చేతిలో పెడుతూ, ఇన్నేళ్లు ఇలా చేసుకోమని రాసిచ్చే కాగితం. అమెరికాలో చార్టర్ స్కూలు అనేది సరిగ్గా ఇలాంటి కాగితం మీద నిలబడిన బడి. డబ్బు ప్రభుత్వానిది, కాబట్టి తల్లిదండ్రులు ఫీజు కట్టనక్కర్లేదు. పెత్తనం ప్రైవేటు బోర్డుది, కాబట్టి ఉపాధ్యాయుల నియామకం, పాఠ్యక్రమం, పని గంటలు వంటి వాటిలో మామూలు సర్కారు బడికి లేని స్వేచ్ఛ దానికి ఉంటుంది. పట్టా ఇచ్చే సంస్థను ఆథరైజర్ అంటారు. ఫలితాలు చూపకపోతే ఆ సంస్థ పట్టాను రద్దు చేయవచ్చు. రాజధాని వాషింగ్టన్‌లో ఈ పట్టా గడువు 15 ఏళ్లు, సమీక్ష కనీసం ఐదేళ్లకు ఒకసారి. అమెరికాలో కొన్ని వివాహాలు ఇంతకంటే తక్కువ కాలం నిలుస్తాయి గనుక దీన్ని దీర్ఘకాలిక బంధంగానే పరిగణించాలి.

ఈ ఆలోచనకు పేరు పెట్టినవాడు రే బడ్ అనే మసాచుసెట్స్ ఆచార్యుడు. దాన్ని 1988లో వాషింగ్టన్ నేషనల్ ప్రెస్ క్లబ్ వేదిక మీద దేశానికి పరిచయం చేసినవాడు ఉపాధ్యాయ సంఘం నాయకుడైన ఆల్బర్ట్ షాంకర్. ఉపాధ్యాయులే కొత్త పద్ధతులు పరీక్షించుకునే చిన్న ప్రయోగశాలలుగా ఈ బడులుంటాయని ఆయన ఊహించాడు. మినెసోటా రాష్ట్రం 1991లో తొలి చట్టం చేసింది, మరుసటి ఏడాదే సెయింట్ పాల్‌లో తొలి బడి తెరుచుకుంది, షాంకర్ అనతికాలంలోనే తన ఊహకు తానే విమర్శకుడిగా మారాడు. నేడు అత్యధిక చార్టర్లలో ఉపాధ్యాయ సంఘమే లేదు. బిడ్డను ఊరందరికీ చూపించిన మేనమామను బారసాల ముగియకముందే గడప అవతల నిలబెట్టడం లాంటిదిది.

వాషింగ్టన్‌లో సర్కారు ఖర్చుతో చదివే పిల్లల్లో సగానికి కాస్త తక్కువ మంది ఈ చార్టర్లలోనే ఉన్నారు కాబట్టి, ఆ నగరంలో బడి ఎంపిక అనేది ఏటా ఋతువుతో పాటు వచ్చే పండుగ లాంటి కార్యక్రమంగా స్థిరపడింది. చలి ముదిరే డిసెంబరులో ‘ఎడ్‌ఫెస్ట్’ అనే బడుల సంత జరుగుతుంది. అది చాలా ఏళ్లు జరిగిన చోటు నేషనల్ గార్డ్ దళాల ఆర్మరీ, అనగా ఆయుధాగారం. మూడేళ్ల పిల్లను ప్రీస్కూలులో చేర్చడానికి ఆయుధాగారంలో అడుగుపెట్టవలసి రావడంలోని ఔచిత్యాన్ని అక్కడికి వెళ్లిన ఏ తల్లీ ప్రశ్నించినట్లు కనబడదు. చార్టర్ బడులూ, నగర విద్యాశాఖ బడులూ పక్కపక్కనే బల్లలు వేసుకుని కూర్చుంటాయి. తల్లిదండ్రులు చేతిసంచీ పట్టుకుని బల్లల మధ్య తిరుగుతూ అభిప్రాయాలు ఏర్పరచుకుంటారు.

దీన్ని పెళ్లిచూపులతో పోల్చడం వ్యంగ్య రచయితల చేతివాటం కాదు, గణితశాస్త్రం స్వయంగా చేసిన పోలిక. డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లే అనే ఇద్దరు గణితవేత్తలు 1962లో కళాశాల ప్రవేశాలనూ వివాహాల స్థిరత్వాన్నీ ఒకే వ్యాసంలో కలిపి పరిష్కరించారు. వారి పద్ధతిలో ప్రతి వరుడూ తనకు అందరికంటే నచ్చిన వధువును ముందుగా అడుగుతాడు. ఆమె తనను అడిగినవారిలో మెరుగైనవాణ్ణి తాత్కాలికంగా పట్టి ఉంచి తక్కినవారిని పంపేస్తుంది. తిరస్కృతులు తమ జాబితాలో తరువాతి గడపకు వెళతారు. ఇక అడిగేవాడు మిగలనప్పుడు తాంబూలాలు పుచ్చుకుంటారు. ఇలా కుదిరిన సంబంధాల్లో, తమ జోడీలను వదిలి లేచిపోతే ఇద్దరికీ లాభం కలిగే జంట ఒక్కటీ ఉండదని వారు నిరూపించారు. గణితంలో దీన్నే స్థిరత్వం అంటారు. ఆ సిద్ధాంతాన్ని న్యూయార్క్ ఉన్నత పాఠశాలల ప్రవేశాలు మొదలైన చోట్ల అమలుకు తెచ్చిన ఆల్విన్ రాత్‌కూ, షాప్లేకూ కలిపి 2012లో అర్థశాస్త్ర నోబెల్ దక్కింది. పెళ్లిళ్ల పేరయ్యలు తరతరాలుగా గొడుగు పట్టుకుని ఇదే పని చేస్తున్నా స్టాక్‌హోమ్ నుంచి వారికి పిలుపు రాకపోవడం విచారకరం.

వాషింగ్టన్ 2014లో తెచ్చిన ఉమ్మడి లాటరీ ఈ సిద్ధాంతం మీదే నడుస్తుంది. కుటుంబం గరిష్ఠంగా 12 బడులను ఇష్టానుక్రమంలో రాసి ఇవ్వాలి. అయితే ఇక్కడ వధువు స్థానంలో ఉన్న చార్టర్ బడికి సొంత ఇష్టమంటూ ఉండదు, ఉండకూడదని చట్టం. అక్కనో అన్ననో ఇప్పటికే చదువుతున్న బడిలో తోబుట్టువుకు ప్రాధాన్యం ఉంటుంది. అక్కనిచ్చిన ఇంటికే చెల్లెల్నీ ఇచ్చే మన ఆచారం అట్లాంటిక్ దాటిందన్నమాట. ఆ మీదట అందరికీ కంప్యూటరు ఒక యాదృచ్ఛిక సంఖ్య కేటాయిస్తుంది. జాతకం అదే. ఆర్మరీలో ఒక శనివారమంతా కాళ్లు పీకేలా తిరిగి తల్లిదండ్రులు ఏర్పరచుకున్న అభిప్రాయానికి ఈ వ్యవస్థలో ఉన్న విలువ, 12 గడుల్లో ఏ పేరు ఎక్కడ రాయాలన్నంత వరకే. సీటు ఇచ్చేది సంఖ్య. నిజంగా నచ్చిన వరుసలోనే రాయడం లాభదాయకమని గణితం నిరూపించి, అధికారులు ఏటా నొక్కి చెబుతున్నా, మొదటి గడిలో అందని బడి రాస్తే ఉన్నది కూడా పోతుందన్న భయం తల్లిదండ్రులను ఓ పట్టాన వదలదు. నోబెల్ బహుమతి కంటే పక్కింటావిడ మాట మీద గురి ఎక్కువగా ఉండడం ఏ ఒక్క జాతి సొత్తూ కాదు.

ఇక అభిప్రాయాలు ఎలా పుడతాయో పరిశీలించాలంటే ఒక బల్ల దగ్గర కాసేపు నిలబడడం అవసరం. బల్ల మీద బడి రంగు గుడ్డ, గుడ్డ మీద గాజు గిన్నెలో మిఠాయిలు, పక్కన బడి పేరు అచ్చువేసిన పెన్సిళ్లు, వెనుక మూడు మడతల అట్ట మీద నవ్వుతున్న పిల్లల ఫొటోలు, పక్కగా తిప్పితే ఏదో ఒక బహుమతి మీద ఆగే రంగుల చక్రం. చక్రం తిప్పిన పిల్లకు నీళ్ల సీసా వస్తే ఆ బడి మీద కుటుంబానికి ఏర్పడే సద్భావం, గణితంలో ఉత్తీర్ణతా శాతం చూసినప్పుడు ఏర్పడే సద్భావం కంటే బలమైనది. బల్ల ముందు మెడదాకా గుండీ పెట్టుకున్న ఆరో తరగతి విద్యార్థి ఒకడు నిలబడి, చెయ్యి చాచి, కళ్లలోకి చూస్తూ తన బడి గొప్పతనాన్ని గడగడా వివరిస్తాడు. వెయ్యి ప్రకటనలు చేయలేని పనిని ఆ ఒక్క కరచాలనం చేస్తుంది. తమ ఇంట్లో సాక్సు ఎక్కడ విడిచాడో చెప్పలేని కొడుకును పక్కన పెట్టుకుని ఆ దృశ్యం చూసిన తండ్రి, ఆ బడి పెద్దమనుషులను తయారుచేస్తుందని నిశ్చయించుకుంటాడు. పెద్దమనుషుల్లా ఉన్నవాళ్లనే ఏరి సంతకు తెచ్చి ఉంటారన్న అనుమానం ఆయనకు రాదు. పెళ్లిచూపుల్లో ఉప్మా చేసింది అమ్మాయేనని నమ్మిన వియ్యంకుల సంతతికి చెందినవాడు ఆయన.

ఈ బడుల భాషకు విడిగా నిఘంటువు అవసరం. చాలాచోట్ల పిల్లలను విద్యార్థులు అనరు, స్కాలర్లు అంటారు. తరగతి గదులకు అంకెలకు బదులు విశ్వవిద్యాలయాల పేర్లు పెడతారు గనుక, ముక్కు తుడుచుకోవడం ఇంకా పూర్తిగా రాని స్కాలరు ‘హార్వర్డ్’లో కూర్చుని అక్షరాలు దిద్దుతాడు. హ్యూస్టన్‌లో 1994లో మొదలైన కిప్ వంటి గొలుసు బడుల ద్వారా ‘స్లాంట్’ అనే క్రమశిక్షణా సూత్రం ప్రచారంలోకి వచ్చింది. ఆ మాటలోని ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ ఒక్కో ఆజ్ఞకు సంకేతం: నిటారుగా కూర్చో, విను, ప్రశ్నలు అడిగి జవాబులు చెప్పు, తల ఊపు, మాట్లాడేవారి మీదనుంచి చూపు తిప్పకు. వీటిలో తల ఊపడం ఒక్కటి తెలుగు పిల్లలకు నేర్పనక్కర్లేదు. అది ఔనో కాదో తేల్చుకోవలసిన భారం మాత్రం ఉపాధ్యాయుడిది. టెక్నో, ఒలింపియాడ్, కాన్సెప్ట్, ఐఐటీ ఫౌండేషన్ అనే విశేషణాలు ఎల్‌కేజీకి ముందే తగిలించుకున్న బడుల హోర్డింగుల కింద పెరిగినవారికి హార్వర్డ్ గది చూసి నవ్వే అర్హత ఎంతవరకు ఉందన్నది వేరే చర్చ.

అన్ని బల్లల దగ్గరా, అన్ని భాషల్లోనూ వినవచ్చే అతి తెలివైన ప్రశ్న ఒకటుంది. సాయంత్రం ఆరింటిదాకా పిల్లను ఉంచుకుంటారా అన్నదే అది. విద్యావేత్తలు ఈ ప్రశ్నను చిన్నచూపు చూస్తారు. బోధనా తాత్వికతను వివరించడానికి గొంతు సవరించుకున్న ప్రిన్సిపాలు ముఖం కూడా కొంచెం చిన్నబోతుంది. వాషింగ్టన్‌లో మామూలు పిల్లలకు పచ్చ బస్సో పసుపు బస్సో ఇంటి ముందుకు రాదు. మెట్రోలోనూ సిటీ బస్సులోనూ ఉచితంగా ప్రయాణించే కార్డు ఇస్తారు, అంతే. రెండు ఉద్యోగాలు చేసుకునే తల్లికి తాత్వికత అంటే మూడున్నరకు గేటు మూసేస్తారా లేదా అన్నదే, సంత మొత్తంలో కల్లబొల్లి జవాబుకు వీలులేని ప్రశ్న కూడా అదే.

అడగని ప్రశ్న మరొకటుంది: ఈ బడిలో చేరిన పిల్లల్లో చివరిదాకా మిగిలేది ఎందరు? న్యూయార్క్‌లో పరీక్షా ఫలితాలకు పేరుమోసిన సక్సెస్ అకాడమీ అనే చార్టర్ గొలుసు 2006లో హార్లెమ్‌లో మొదలైంది. తొలి ఏడాది ఒకటో తరగతిలో ఉన్న 73 మందిలో 2018లో పట్టా పుచ్చుకున్నవారు 16 మంది. అమెరికాలో కుటుంబాలు ఇళ్లు మారుతూనే ఉంటాయి, ఏ బడిలోనైనా పిల్లలు తగ్గుతారు గనుక ఈ తరుగునంతా ఒకే లెక్కలో వేయడం అన్యాయమే. అయితే మామూలు సర్కారు బడి నడిమధ్య ఏ తరగతిలోనైనా వచ్చినవాణ్ణి చేర్చుకోక తప్పదు. చార్టర్లలో కొన్ని ఫలానా తరగతి దాటాక ఖాళీ సీట్లు నింపవు. నింపకపోతే చదవలేనివారు వెళ్లేకొద్దీ సగటు తనంతట తానే పెరుగుతుంది. అదే గొలుసుకు చెందిన బ్రూక్లిన్ బడి ఒకదానిలో ‘వెళ్లిపోవలసినవారు’ అనే శీర్షిక కింద 16 మంది పిల్లల పేర్లతో ఒక జాబితా తయారైందని 2015 అక్టోబరులో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. అది తప్పేనని యాజమాన్యం ఒప్పుకుంది. లాటరీ వల్ల బడికి సొంత ఇష్టం ఉండదన్న పై సూత్రం తలుపు దగ్గరికే వర్తిస్తుందనీ, లోపలికి వచ్చాక అత్తింటి మర్యాదలు వేరనీ ఇందువల్ల బోధపడుతుంది.

పరిశోధన సాయం తీసుకుందామంటే అది ఎవరికి కావలసింది వారికి వడ్డించే రకం. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన క్రెడో సంస్థ 2009లో 16 చోట్ల పరిశీలించి, గణితంలో చార్టర్లలో 17 శాతం మెరుగనీ, 37 శాతం అధ్వానమనీ, తక్కినవి మామూలు బడులకు అటూ ఇటూ కావనీ చెప్పింది. అదే సంస్థ 2023లో, చార్టర్ పిల్లలు ఏడాదిలో చదవడంలో 16 రోజుల, గణితంలో 6 రోజుల అదనపు చదువుకు సమానమైన లాభం పొందుతున్నారని తేల్చింది. చార్టర్ల వ్యతిరేకులు మొదటి దాన్నీ, అనుకూలురు రెండవ దాన్నీ పటం కట్టించుకున్నారు. ఆరు రోజులంటే మన లెక్కలో సంక్రాంతి సెలవుల్లో సగం పైమాటే.

ఈ చార్టర్ల కథలో తెలుగువారి పాత్ర ఆరిజోనాలో కనబడుతుంది. టక్సన్‌లో 1998లో మొదలైన బేసిస్ అనే చార్టర్ గొలుసు 2017లో ఒక ప్రఖ్యాత పత్రిక వేసిన జాతీయ ర్యాంకుల్లో మొదటి మూడు స్థానాలనూ ఆక్రమించింది. చిప్పుల కర్మాగారాలున్న చాండ్లర్ వంటి ఊళ్లలో దాని బడుల్లో భారతీయ కుటుంబాల పిల్లలు పెద్ద సంఖ్యలో ఉంటారు. ఆ ర్యాంకులకు ముఖ్య ఆధారం ఏపీ పరీక్షలు. ఈ ఏపీ ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అనగా హైస్కూల్లోనే రాసే కళాశాల స్థాయి పరీక్ష. ర్యాంకుల పట్టిక, పరీక్షల వరస, ఆరో తరగతి నుంచే పుస్తకాల మోత చూడగానే తెలుగు తల్లిదండ్రులకు పరదేశంలో సొంత ఊరి బస్టాండు కనబడినంత నెమ్మది కలుగుతుంది. గుంటూరు, విజయవాడ హాస్టళ్ల నుంచి పారిపోయి పద్నాలుగు గంటలు విమానంలో కూర్చున్నవారు, దిగిన చోట అదే గంట ఎక్కడ మోగుతుందో వెతుక్కుని మరీ వెళ్లడాన్ని సంస్కృతీ పరిరక్షణ అనవచ్చు.

పట్టా మాట ఎలా ఉన్నా, బడికి నూకలు చెల్లే రోజు తల్లిదండ్రులకు ముందుగా తెలియదు. వాషింగ్టన్‌లోనే ఒక చార్టర్ 2024 ఆగస్టులో, విద్యా సంవత్సరం మొదలయ్యేందుకు కొద్ది రోజుల ముందు మూతబడింది. సంతలు, ఓపెన్ హౌస్‌లు, 12 గడుల జాబితాలు, లాటరీ ఫలితాలు మోసుకొచ్చే మార్చి నెలాఖరు ఈమెయిళ్లు అన్నీ దాటి వచ్చిన ఆ కుటుంబాలు ఆగస్టు ఎండలో మళ్లీ బడి వెతుక్కున్నాయి. పీటల మీద కూర్చున్నాక మండపం తాళం వేసుకున్న సందర్భాలు మన వైపు కూడా అరుదే.

ఇంతమంది తల్లిదండ్రుల అభిప్రాయాలను నమోదు చేసిన తరువాత, అభిప్రాయానికి నిజంగా విలువ దక్కిన ఒక తండ్రిని విస్మరించడం శాస్త్రీయం కాదు. వాషింగ్టన్ నగర పాఠశాలల ఛాన్సలర్‌గా 2017లో వచ్చిన ఆంట్వాన్ విల్సన్, అధికారులు పలుకుబడితో పిల్లలకు సీట్లు ఇప్పించుకోకుండా కఠిన నిబంధన ఒకటి జారీ చేశాడు. ఆ ఏడాది చివరిలోగానే ఆయన కుమార్తె ఒక కళా పాఠశాల నుంచి, లాటరీతో నిమిత్తం లేకుండా, నగరంలో గిరాకీ ఉన్న విల్సన్ హైస్కూలుకు మారింది. పేర్లు కలవడం యాదృచ్ఛికమే. కలవనిదల్లా యాదృచ్ఛిక సంఖ్య. సంగతి బయటపడడంతో 2018 ఫిబ్రవరిలో ఆ మార్పిడిలో సాయపడిన విద్యా డిప్యూటీ మేయరు ముందూ, ఛాన్సలర్ వెనుకా రాజీనామా చేశారు. ఆ డిప్యూటీ మేయరు అంతకుముందు ఒక చార్టర్ స్కూలును స్థాపించి నడిపిన వ్యక్తి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదన్న సామెతకు అమెరికన్ ఇంగ్లీషులో సమానార్థకం లేకపోయినా ఆచరణ ఉంది. ఆ అమ్మాయి చేరిన రోజున ఆ బడి వెయిటింగ్ లిస్టులో ఆరు వందలకు పైగా పిల్లలున్నారు.