ఒకినావా ఆయుధాల మీద ఉపన్యాసం దంచడం ఎలా?

కరాటే స్కూలు వార్షికోత్సవం దగ్గర పడింది. పిల్లలు పెంకులు పగలగొట్టే ముందు మైకు పట్టుకుని పావుగంట నెట్టుకురావాలి. బల్ల మీద కర్ర, సాయ్, టోన్ఫా, నన్‌చాకు, కొడవలి, తెడ్డు వరసగా పేర్చి ఉన్నాయి. వాటి పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలి. పుస్తకం తిరగేసే ఓపిక లేని మాస్టార్ల కోసమే ఈ చిట్కాలు. తు.చ. తప్పకుండా పాటించండి, చప్పట్లు ఖాయం.

1. కథ రైతు చుట్టూ తిప్పండి

"ఒకినావా రైతుల మీద సమురాయ్‌ల దాష్టీకం. ఆయుధాలన్నీ లాగేసుకున్నారు. రైతులు పొలం పనిముట్లనే ఆయుధాలుగా మలుచుకుని, వెన్నెల రాత్రుల్లో రహస్యంగా సాధన చేసి, సమురాయ్‌లను మట్టికరిపించారు." ఇందులో పేదవాడున్నాడు, దొర ఉన్నాడు, ప్రతీకారం ఉంది. ఇంకేం కావాలి? అప్పట్లో ఒకినావాను ఏలిన ర్యూక్యూ రాజ్యంలో ఈ విద్య ఎక్కువగా పేచిన్ అనే కొలువుదారుల ఇళ్ళలో, రక్షకభటుల చేతుల్లో పెరిగిందని మాత్రం నోరు జారకండి. సర్కారు జీతగాడు హీరో అంటే జనం ఈలలు వెయ్యరు.

2. తారీఖులు రెండు చాలు

ఒకటి 1509. "ఆ ఏడు షో షిన్ రాజు ఆయుధాలు నిషేధించాడు" అనేయండి. షురి కోట రాతి పిట్టగోడ మీద చెక్కించిన శాసనాన్ని కొందరు అలా చదివిన మాట నిజమే. కత్తులు, విల్లంబులు దేశరక్షణకు పోగుచేశామని రాజుగారు అందులో గొప్ప చెప్పుకున్నారని తర్వాతి పండితులు తేల్చారు. మీరా శాసనం చదవలేదు, వినేవాళ్ళూ చదవలేదు. ఇక పేచీ ఏముంది?

రెండోది 1609. జపాన్‌లోని సత్సుమా సంస్థానపు దొరలు సుమారు 3,000 మందితో దండెత్తారు. "ర్యూక్యూ జనం ఒట్టి చేతులతో ఎదురొడ్డారు" అనండి. నహా రేవు కోటల మీంచి ఫిరంగులు పేల్చారని చెబితే ఒట్టి చేతుల ముచ్చట కాస్తా చెడుతుంది. షో నేయ్ రాజును బందీగా పట్టుకుపోయారని చెప్పొచ్చు, జాలి పుడుతుంది. 1613లో ర్యూక్యూ వాళ్ళు సొంత కత్తులను మరమ్మతుకు సత్సుమా తీసుకెళ్ళడానికి అనుమతి వచ్చిందన్నది మాత్రం మింగేయండి. లాగేసుకున్న కత్తికి మరమ్మతేమిటని ఎవరైనా లేస్తే కష్టం.

3. సమురాయ్‌లను దండిగా దించండి

సందుకొకణ్ణి నిలబెట్టండి. నిజానికి నహాలో కాపురమున్న సత్సుమా అధికారులు గుప్పెడు మందే. అదీగాక చైనా చక్రవర్తి రాయబారులు వచ్చినప్పుడల్లా, ర్యూక్యూ తమ గుప్పిట్లో ఉందన్న గుట్టు బయటపడకుండా ఆ గుప్పెడు మందీ ఊరు వదిలి పక్క పల్లెలో నక్కేవారు. చైనాతో రాజ్యానికున్న వ్యాపారం చెడితే నష్టం సత్సుమాకే కదా! రైతు కొడవలి నూరుకుని కాపు కాస్తుంటే సమురాయ్ వెళ్ళి దాక్కున్నాడంటే మీ క్లైమాక్స్ ఏం కాను?

4. ప్రతిదానికీ ఓ పొలం పని అంటగట్టండి

కర్ర అంటే కావడిబద్ద. టోన్ఫా అంటే తిరగలి పిడి. నన్‌చాకు అంటే ధాన్యం నూర్చే కర్ర, కాదంటే గుర్రం కళ్ళెం. మీకేది నచ్చితే అది. కొడవలికీ తెడ్డుకీ అబద్ధం అక్కర్లేదు, అవి నిజంగానే పనిముట్లు. ఆ రెండింటి పుణ్యాన మిగతావన్నీ లాగించేయండి. టోన్ఫా లాంటివి చైనాలోనూ థాయ్‌లాండ్‌లోనూ ఉన్నాయి, ర్యూక్యూ ఓడలు ఆ రేవులన్నీ తిరిగాయి. కానీ ఓడల ఊసెత్తితే రైతు పక్కకి పోతాడు.

సాయ్ దగ్గర గుండె దిటవు చేసుకోవాలి. "ఇది విత్తనాలకు గుంటలు పొడిచే పనిముట్టు" అని తడుముకోకుండా చెప్పాలి. ఆ దీవుల్లో ఇనుముకు కరువు, ఓడల మీద రావలసిందే. పుల్లతో అయ్యే పనికి ఏ రైతు మూడు కొమ్ముల ఇనపకడ్డీ చేయించుకుంటాడు? గుంపును అదిలించడానికీ, దొంగను కట్టడి చేయడానికీ భటులు దాన్ని పట్టుకు తిరిగేవారు. చైనా, మలయా, ఇండోనేషియాల్లో దానికి దగ్గర చుట్టాలున్నారు. ఇవేవీ మీకు తెలియవు.

5. సాయ్‌ను బాకులా పొడిచి చూపించండి

1984లో మొదలైన నింజా తాబేళ్ళ కామిక్ మీకు ప్రమాణం. అసలు సాయ్‌కి పదునుండదు, ఒట్టి కడ్డీ. బొటనవేలు కొమ్ముల మొదట్లో ఆనించి, చూపుడువేలు పిడి వెంట చాచి పట్టుకుంటే, కడ్డీ ముంజేతిని ఆనుకుని వెనక్కిపోయి మోచేతిని కాస్త దాటుతుంది. మీదికి దిగే కర్రదెబ్బను ఆ ఇనుము కాచుకుంటుంది. మరుక్షణం మణికట్టు విదిలిస్తే కడ్డీ గిర్రున ముందుకు తిరిగి అవతలివాడి చేతి ఎముక మీద పడుతుంది. చేతికొకటి కాక మూడో సాయ్ నడుముకు దోపుకుంటారు, విసరడానికి. ఇదంతా ఒంటబట్టడానికి ఏళ్ళు పడుతుంది, వేళ్ళు నలుగుతాయి. పొడవడం తేలిక.

6. నన్‌చాకుకే పట్టం కట్టండి

బ్రూస్ లీ 1972లో 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ'లో, 1973లో 'ఎంటర్ ది డ్రాగన్'లో తిప్పాడు కాబట్టి అదే ఒకినావా ఆయుధాల రాజు. అక్కడ కటాలు, అంటే వరస కట్టిన సాధన కదలికలు, ఎక్కువున్నది ఆరడుగుల కర్రకు, నన్‌చాకుకు పాతవి బహు తక్కువ. ఆ లెక్క మనకెందుకు? తెడ్డు కటా జోలికి అసలే పోవద్దు. త్సుకెన్ దీవి పేరు మీదున్న కటాలో తెడ్డు కొసతో ఇసుక లేపి ఎదుటివాడి కళ్ళలో చిమ్మే ఎత్తుగడ ఉంది. మన హీరో కళ్ళల్లో ఇసుక కొట్టడమేమిటి!

7. "వేల ఏళ్ళ నాటి విద్య" అనండి

అలా అనాలంటే తైరా షిన్కెన్ పేరు దాచాలి. 1897లో కుమే దీవిలో పుట్టి 1970లో పోయిన ఈయన, గురువు యాబికు మోడెన్ బాటలో నడిచి, అక్కడక్కడా మిగిలిన కటాలను పోగుచేసి శిష్యులకు అప్పగించాడు. 1945 యుద్ధంలో ఒకినావాలో మనుషులతోపాటు కాగితాలూ బూడిదయ్యాయి. ఇలాంటివాళ్ళు పూనుకోకపోతే మీ బల్ల మీద సరుకు సగం ఉండేది కాదు. అయినా మొన్నమొన్నటి మనిషి పేరు చెబితే వేల ఏళ్ళ మాట నిలవదు.

8. ప్రశ్నలకు సిద్ధంగా ఉండండి

తెల్లబెల్టు పిల్లాడొకడు లేచి, "ఇనుమే దొరకని రైతుకి సాయ్ ఎక్కణ్ణుంచి వచ్చింది మాస్టారూ?" అంటాడు. తడబడకండి. "పెద్దల మాటకు ఎదురు చెప్పడం బుషిడో కాదు" అని గద్దించి యాభై గుంజీలు తీయించండి. రెండో చెయ్యి లేవదు. పదేళ్ళకు ఆ పిల్లాడే బ్లాక్‌బెల్టు కట్టుకుని, అదే రైతు కథ మీకంటే బాగా చెబుతాడు.