మా రోజుల్లో ఎఫ్ డ్రైవ్

"పాత సర్వరు పీకేశారు తాతగారూ, ఇప్పుడంతా క్లౌడే" అన్నాడు మా రావికమతం కుర్రాడు. ఎక్కడో యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాడు, పండక్కి వచ్చాడు. మరి ఇన్నేళ్ల ఫైళ్లు ఏమయ్యాయిరా అన్నాను. "ఎవరివి వాళ్లు కాపీ చేసుకోమని మెయిలు పెట్టారు" అన్నాడు. రిటైరైన మేస్టార్ల ఫైళ్లు ఎవరు కాపీ చేస్తారు? చదువు ముగించి వెళ్లిపోయిన పిల్లల కొలతలు, లెక్కలు ఎవరు తీస్తారు?

నేను కంప్యూటర్ ల్యాబులో పనిచేసినవాణ్ణి. మా రోజుల్లో సర్వరు మీద నోవెల్ నెట్‌వేర్ 3.12 ఉండేది. లాగిన్ అయితే ఎఫ్ డ్రైవ్ వచ్చేది, అందరి పనీ అందులోనే. ఎవరికెంత చోటో మేమే రాసేవాళ్లం. నిండిపోతే ఆ పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఏది ఉంచాలో ఏది తియ్యాలో కలిసి చూసేవాళ్లం. థీసిస్ చాప్టరు చెరిపేసుకుని ఏడుస్తూ వచ్చినవాళ్లకి సాల్వేజ్ కమాండుతో తిరిగి తీసిచ్చేవాళ్లం. డిస్కులో చోటున్నంతకాలం చెరిపిన ఫైలును కూడా నెట్‌వేర్ అట్టేపెట్టేది.

కేబులు మాత్రం ప్రాణం తీసేది. సన్నటి కోయాక్సియల్ వైరు, మిషన్ మిషన్‌కీ ఒక టీ కనెక్టరు, రెండు చివర్లా 50 ఓమ్‌ల టెర్మినేటర్లు. ఒక్క ముక్క 185 మీటర్లు దాటకూడదు. ఎవరి కాలో తగిలి కనెక్టరు ఊడిందంటే పెళ్లిపందిట్లో సీరియల్ బల్బుల్లాగ వరసంతా పోయేది. టెర్మినేటరు పట్టుకుని ఒక్కో మిషన్ దగ్గరా పెట్టి చూస్తూ పోతే తెగిన చోటు దొరికేది. వేగం 10 మెగాబిట్లు, అదీ అందరూ పంచుకోవాలి. ఇప్పుడు నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ పుణ్యమా అని యూనివర్సిటీలకి గిగాబిట్ లైన్లొచ్చాయి. సంతోషం.

సర్వరు మార్చొద్దని నేననను. పాతదాన్ని పట్టుకు వేలాడితే ఏమవుతుందో 2017 మే నెలలో చూశాం. విండోస్‌లో ఫైళ్లు పంచుకునే పాత ఎస్‌ఎంబీ పద్ధతిలోని లోపంలోంచే వన్నాక్రై వైరస్ దూరింది. మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మరమ్మతు ఇచ్చినా వేసుకోనివాళ్లు మునిగారు. మన ఆంధ్రా పోలీసుల కంప్యూటర్లకీ ఆ దెబ్బ తగిలింది.

నా గొడవల్లా మార్చే పద్ధతి మీద. మేం కొత్త మిషను, పాత మిషను కొన్నాళ్లు పక్కపక్కనే నడిపేవాళ్లం. టేపు తీసి, దాంట్లోంచి ఫైళ్లు వేరే మిషన్లోకి రప్పించి, తెరిచి చూశాకే రిజిస్టర్లో సంతకం. బ్యాకప్ తీశామంటే చాలదు, అందులోంచి ఫైలు తిరిగి రావాలి. ఆ టేపు ఇంకో బిల్డింగులో బీరువాలో ఉండేది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడితే ఆంధ్రా యూనివర్సిటీ ఆవరణ అతలాకుతలమైంది, ఊరు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉంది. ఇలాంటి తీరంలో ఉండి రెండో కాపీని మొదటిదాని పక్కనే పెట్టడం ఏం పని?

క్లౌడ్‌లో ఆ భయం లేదంటారు. కానీ అక్కడ ఇంకో చిక్కు. గూగుల్ ఒకప్పుడు విద్యాసంస్థలకి హద్దు లేకుండా చోటిచ్చింది. 2021లో మాట మార్చింది. 2022 జులై నుంచి సంస్థ మొత్తానికీ కలిపి 100 టెరాబైట్లే అంది. 20 వేల మంది ఉన్నచోట తలా 5 గిగాబైట్లు! మళ్లీ తీసెయ్యండి, ఖాళీ చెయ్యండి అని మెయిళ్లు. పక్కన కూర్చోబెట్టుకుని చూసే మనిషి మాత్రం లేడు.

అందుకే సర్వరైనా క్లౌడైనా, టెండర్లో ధర, వారంటీ రాస్తే సరిపోదు. వారసులు లేని ఫైళ్లు ఎవరు తరలిస్తారో పేరుతో సహా రాయాలి. పాత డిస్కులు కనీసం ఏడాది స్క్రాపుకి వెయ్యకూడదని రాయాలి. రెండో కాపీ సముద్రానికి దూరంగా, ఇంకో జిల్లాలో ఉండాలని రాయాలి. అవి లేని కాగితం మీద రిజిస్ట్రారు సంతకం పెట్టకూడదు.