ట్రంకేటెడ్ టిఫిన్

"ఐ హ్యాడ్ ఎ ట్రంకేటెడ్ బ్రేక్‌ఫాస్ట్ టుడే."

ఫోన్ తెర మీద ఓ కుర్ర మాస్టారు తెల్లబోర్డు పక్కన నిలబడి ఈ వాక్యాన్ని మూడుసార్లు పలికించాడు. మొదట మెల్లగా, తర్వాత మామూలుగా, చివర్న న్యూజెర్సీలో పుట్టి పెరిగినవాడిలా. ట్రంకేటెడ్ అంటే మధ్యలో తెగ్గొట్టిన, కురచ చేసిన అని అర్థం చెప్పాడు. బోర్డు నెత్తిన ఎర్ర మార్కరుతో 'రోజూ మాట్లాడే ఇంగ్లీషు' అని రాసి, కింద రెండు గీతలు కూడా కొట్టాడు. నా పేచీ ఆ రెండు గీతలతోనే.

ఏ రోజు? ఎవరు మాట్లాడే ఇంగ్లీషు? పొద్దున్నే సరిగ్గా తినకుండా ఆఫీసుకొచ్చిన లండన్ గుమాస్తా అయినా, టైము లేక టోస్టు ముక్క నోట్లో కుక్కుకుని వచ్చేశానంటాడు. అతని భాషలోనూ అవి చిన్న చిన్న మాటలే. ట్రంకేటెడ్ బ్రేక్‌ఫాస్ట్ అన్నాడంటే పక్క సీటువాడు, ఒంట్లో బాగాలేదేమోనని ఒకసారి ఎగాదిగా చూస్తాడు.

పైగా ఆ వాక్యంలో కబురేదీ లేదు. నాలుగిడ్లీల్లో రెండే తిన్నాడా? చట్నీ అయిపోయిందా? దోసె పెనం మీద ఉండగానే కాలేజీ బస్సు హారన్ కొట్టిందా? ఇవి చెప్పగలిగితే ఇంగ్లీషు వచ్చినట్టు. ట్రంకేటెడ్ చేసే పనల్లా ఇడ్లీని, చట్నీని, బస్సుని గుటుక్కున మింగేసి, మాట్లాడినవాడి చేత బ్రేవుమని త్రేన్పించడం.

ఈ రోగానికి మూలం బడిలోనే ఉంది. 'కింది పదాలను సొంత వాక్యాల్లో ప్రయోగించండి' అన్న ప్రశ్న తెలుగు వాచకంలోనూ ఉంది, ఇంగ్లీషు రీడర్లోనూ ఉంది. పేరుకే సొంతం. అందులో పిల్లాడికి సొంతమైంది చేతిరాత ఒక్కటే. మాట ముందు చేతికిచ్చి, చెప్పాల్సిన సంగతి తర్వాత వెతుక్కోమంటారు. లోకంలో ఏ మనిషైనా అలా మాట్లాడతాడా? వెనక బెంచీ వీరులు మాత్రం దీనికి ఏనాడో విరుగుడు కనిపెట్టారు: "మా మాస్టారు బోర్డు మీద 'సర్వతోముఖాభివృద్ధి' అనే పదం రాశారు." వ్యాకరణం తప్పు లేదు, పదం ఉంది, మార్కు వేయక చావదు. నన్నడిగితే ఆ నోటుబుక్కు మొత్తంలో నిజం చెప్పిన వాక్యం అదొక్కటే. వాడి బతుకులోకి ఆ పదం వచ్చింది బోర్డు మీదనే మరి.

గురజాడ ఈ తతంగాన్ని కన్యాశుల్కంలో ఒక్క ఘట్టంలో తేల్చేశాడు. కొడుకు చదువు చెవులారా విందామని వెంకమ్మ ముచ్చటపడి ఇంగ్లీషులో మాట్లాడుకోమంటే, గిరీశమూ వెంకటేశమూ ట్వింకిల్ ట్వింకిల్ లిటిల్ స్టార్ అందుకుంటారు. వినేవాళ్లకు అర్థం కాకపోవడమే ఆ ఇంగ్లీషుకు బలం. అయినా గిరీశం ఎంత ఘటికుడైనా దానికి 'రోజూ మాట్లాడే ఇంగ్లీషు' అని పేరు పెట్టి కింద గీతలు కొట్టలేదు.

ట్రంకేటెడ్ మీద నాకు పగేమీ లేదు. దానికీ ఓ కాపురం ఉంది. మాస్టారే ఆ వీధి తొక్కడు.

మీ బీరువాలో చెక్కుబుక్కు ఉంటే తీయండి. చెక్కు ఎడమ అంచున, నిలువుగా, కళ్లజోడు పెట్టుకుంటే తప్ప కనిపించని అక్షరాల్లో, అచ్చువేసినవాడి పేరు పక్కన సీటీఎస్-2010 అని ఉంటుంది. అందులో 'టీ' అంటే ట్రంకేషనే. ఒకప్పుడు మనం బ్యాంకులో వేసిన చెక్కు కట్టల్లో పడి, క్లియరింగ్ హౌస్ మీదుగా, అది రాసిచ్చినవాడి బ్యాంకు దాకా వెళ్లేది. రిజర్వు బ్యాంకు 2008లో ఢిల్లీలో మొదలుపెట్టిన పద్ధతిలో కాగితం మనం వేసిన బ్యాంకులోనే ఆగిపోతుంది, స్కాన్ చేసిన బొమ్మే అవతలికి పోతుంది. తెగ్గొట్టింది ఆ ప్రయాణాన్ని. ఏది తెగింది, ఎక్కడ తెగింది, ఎందుకు తెగింది, అన్నీ ఉన్నాయి. ఇన్నేళ్లుగా మాట మన బీరువాలోనే పడుందన్నమాట. మాస్టారు ఫీజు యూపీఐలో తీసుకుంటాడు కాబట్టి ఆయన కంట పడలేదేమో.

ఇంకా దగ్గరిది కావాలంటే 2014 జూన్ 2 తర్వాతి ఇంగ్లీషు పత్రికలు తిరగేయండి. పదమూడు జిల్లాలతో మిగిలిన రాష్ట్రాన్ని ట్రంకేటెడ్ ఆంధ్రప్రదేశ్ అని రాసేవాళ్లు. పునర్వ్యవస్థీకరణ చట్టం రెండు రాష్ట్రాలనూ ఒక్క తీరుగానే 'సక్సెసర్ స్టేట్' అంది. పత్రికల విశేషణం మాత్రం ఒకదాని పక్కనే చేరింది. ట్రంకేటెడ్ అనగానే ఎవరో ఏదో నరికేశారన్న బాధ అందులో వచ్చి కూర్చుంటుంది. గుంటూరువాడికి ఆ మాట తన గోడే అనిపిస్తుంది. వరంగల్‌వాడు అదే పత్రిక చదివి, మేం విడిపోతే మీరు తెగిపోయినట్టెట్లయితదని అడుగుతాడు. ఒక్క విశేషణం చడీచప్పుడు లేకుండా ఎవరి పక్షాన నిలబడుతుందో చూపించడానికి ఇంతకన్నా మంచి పాఠం ఉందా? పరీక్షల్లో అడగరు కాబట్టి లేదు.

పరీక్షంటే గుర్తొచ్చింది. ఈ మాటల మోజుకు నీళ్లు పోసి పెంచింది అమెరికా చదువులకు రాసే జీఆర్ఈ. హైదరాబాదులో ఒక తరం ఇంజినీరింగ్ పిల్లలు బారన్స్ పుస్తకంలోని 3500 మాటల జాబితాను బస్సులో, మెస్సులో, మేడ మీద పారాయణ చేశారు. అప్పట్లో దానికో కారణం ఉండేది. వ్యతిరేక పదాలు, ఎనాలజీలు అని ప్రశ్నలొచ్చేవి. వాక్యంతో పని లేకుండా, మాట ఒంటరిగా తెలిస్తే చాలు, మార్కు పడేది. 2011 ఆగస్టులో ఆ రెండింటినీ ఎత్తేశారు. 2023 సెప్టెంబరులో అసలు పరీక్షనే 3 గంటల 45 నిమిషాల నుంచి 1 గంట 58 నిమిషాలకు కుదించారు. ట్రంకేటెడ్ అని నోరారా అనదగ్గ సందర్భం ఇన్నాళ్లకు దొరికితే, మన మాస్టారు ఇంకా టిఫిన్ దగ్గరే ఉన్నాడు.

చదివినప్పుడైనా పనికొస్తుంది కదండీ అంటారు. వస్తుంది. సంపాదకీయంలో కనబడితే గుర్తుపట్టాలి, కాదనను. అయితే గుర్తుపట్టాల్సిన మాటలు వేరు, నోటితో అనాల్సిన మాటలు వేరు. తెలుగులో ఈ తేడా మనకెవరూ చెప్పక్కర్లేదు. 'అనివార్య కారణాల వల్ల' అని నోటీసు బోర్డులో చదువుతాం, కూరలు తేవడం మర్చిపోయినప్పుడు ఇంట్లో అనం. ఇంగ్లీషు దగ్గరికొచ్చేసరికి ఆ ఇంగితం ఎక్కడికి పోతుందో!

సెలవు మధ్యలోనే ఆపుకుని వచ్చేశానని చెప్పడానికి ఇంగ్లీషువాళ్లకు 'కట్ షార్ట్' అన్న రెండు పొట్టి మాటలు చాలు. వాళ్ల రోజువారీ బరువంతా మోసేవి అలాంటివే: రన్ అవుట్, పుట్ ఆఫ్, హోల్డ్ అప్. చూడబోతే ఎల్‌కేజీ మాటలు, వాడబోతే పీహెచ్‌డీ అంత కష్టం. ఎల్‌కేజీ మాటలకు ఎవడూ ఫీజు కట్టడు కాబట్టి అవి బోర్డెక్కవు.

ఇక ఆ బారన్స్ జాబితా మొత్తం కంఠతా పట్టిన మనవాడు డాలస్‌లో దిగుతాడు. జనవరిలో ఓ రాత్రి గదిలో హీటరు ఆగిపోతుంది. ఇంటి ఓనరుకు ఫోన్ చేస్తాడు. ఆయన పాపం నిద్రమత్తులో, "ఈజ్ ఇట్ యాక్టింగ్ అప్ అగైన్?" అంటాడు. మళ్లీ మొరాయిస్తోందా అని ఆయన అడగడం. మనవాడు 3500 మాటలూ లోలోపల ఒకసారి తిరగేసుకుని, వినయంగా, "నో సర్, ఇట్ ఈజ్ నాట్ యాక్టింగ్. ఇట్ ఈజ్ రియల్లీ నాట్ వర్కింగ్" అంటాడు.