కుందేలు పేరు చెప్పి

ఆస్ట్రేలియాలో కొందరు పెద్దమనుషులు కుందేలును కొట్టడానికి తుపాకి చేయించుకుంటారు. కొనుక్కోవడం కాదు, చేయించుకోవడం. బారెల్ ఒకచోటి నుంచి, తూటాను బిగించి పేల్చే యాక్షన్ ఇంకోచోటి నుంచి, భుజానికి ఆనించే స్టాక్ మరోచోటి నుంచి తెప్పించి, పేరున్న గన్‌స్మిత్ దగ్గర వరసలో నిలబడి, తుపాకి ఖరీదుతో పోటీపడే స్కోపు ఒకటి దాని నెత్తిన బిగించి, చివరికి బోర్లా పడుకుని, ఐదు వందల మీటర్ల అవతల గడ్డి కొరుకుతున్న కిలోన్నర జీవం మీద గురిపెడతారు. ఇంత హంగామా ఎందుకయ్యా అంటే, కుందేళ్లు దేశాన్ని తినేస్తున్నాయంటారు. తినేస్తున్న మాట నిజమే. వ్యవసాయానికి వాటి వల్ల ఏటా 200 మిలియన్ డాలర్ల పైచిలుకు నష్టమని లెక్క. అయితే ఆ నష్టానికీ ఈ తుపాకికీ చుట్టరికం కలపడం మాత్రం కష్టం. కుందేలు కోసం తుపాకి అని వాళ్లంటారు గానీ, ఆ దేశంలో మొదటినుంచీ తుపాకి కోసమే కుందేలు. చమత్కారానికి అంటున్న మాట కాదిది, చరిత్ర ఆ వరసలోనే నడిచింది.

1859 క్రిస్మస్ రోజున ‘లైట్నింగ్’ అనే ఓడ ఇంగ్లండు కుందేళ్లను మోసుకుని మెల్‌బోర్న్ చేరింది. తెప్పించినవాడు థామస్ ఆస్టిన్, వించెల్సీ దగ్గర బార్వన్ పార్క్ ఎస్టేటు యజమాని. మెల్‌బోర్న్ శివార్లలో టార్నీట్‌లోనో పాయింట్ కుక్‌లోనో కాపురముండే మనవాళ్లు గ్రేట్ ఓషన్ రోడ్డు చూసి కొలాక్ మీదుగా ఇంటికి మళ్లితే, పిల్లలు వెనక సీట్లో నిద్రపోతుండగా దాటే ఊళ్లలో వించెల్సీ ఒకటి. ఆస్టిన్ దొర కుందేళ్లను తెప్పించింది కూరకీ కాదు, ముద్దుకీ కాదు, కాల్చుకోవడానికి. తుపాకి ఉంది, తీరిక ఉంది, కనుచూపు మేర నేల ఉంది, వేటకు తగిన జంతువే లేదు. కంగారూ ఉందిగా అంటారేమో, దాన్ని చూస్తే ఇంగ్లండు గుర్తుకు రాదు. 1867లో విక్టోరియా రాణిగారి కొడుకు ప్రిన్స్ ఆల్ఫ్రెడ్ వస్తే బార్వన్ పార్క్‌లో ఆయన చేత కుందేళ్ల వేట ఆడించి మర్యాద చేశారు. రాణిగారబ్బాయి కాల్చగా మిగిలినవి ఎస్టేటు దాటాయి. తర్వాత ఏడాదికి సుమారు 100 కిలోమీటర్ల చొప్పున ఖండమంతా పాకాయి. ఆ దేశపు కుందేళ్లలో అత్యధికం ఆస్టిన్ మంద సంతానమేనని 2022లో జన్యు పరిశోధన కూడా తేల్చింది. అంటే తుపాకి ఖాళీగా ఉందని తెచ్చిన జంతువు అది. నూట అరవై ఏళ్ల తర్వాత అదే జంతువును చూపించి కొత్త తుపాకి అడుగుతున్నారు.

పోనీ, ఇన్నేళ్లలో కుందేళ్లను నిజంగా తగ్గించినవి ఏవో చూద్దాం. 1887లో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం ఉపాయం చెప్పినవాళ్లకు 25,000 పౌండ్లు ఇస్తామని చాటింది. పారిస్‌లో లూయీ పాశ్చర్ అంతటివాడు ఆశపడి, కోళ్ల కలరా క్రిములిచ్చి భార్య తోబుట్టువు కొడుకు అద్రియాన్ లువార్‌ను సిడ్నీకి పంపాడు. బహుమతి ఎవరికీ దక్కలేదు. పశ్చిమ ఆస్ట్రేలియా 1901లో కంచె మొదలుపెట్టి 1907కి 1,833 కిలోమీటర్లు పూర్తిచేసింది. పని నడుస్తుండగానే కుందేళ్లు అవతలికి చేరిపోయాయి. 1950లో మిక్సోమా వైరస్ వదిలాక గానీ దెబ్బ తగల్లేదు. 60 కోట్లుగా అంచనా వేసిన సంఖ్య రెండేళ్లలో పది కోట్లకు పడిపోయింది. తర్వాత కుందేళ్లు ఆ వైరస్‌కు అలవాటుపడ్డాయి. 1995లో వార్డాంగ్ ద్వీపంలో పరీక్షల్లో ఉన్న కాలిసీవైరస్ ఎవరి అనుమతీ అడక్కుండా తప్పించుకుని, శాస్త్రజ్ఞుల కన్నా ముందే పనిలోకి దిగింది. ఇక ట్రాక్టరు వెనక పెద్ద ఇనుప కొర్రు కట్టి బొరియలను దున్నిపారేసే పద్ధతి ఉండనే ఉంది. రైతుకు సలహా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ దానికే పెద్దపీట వేస్తారు. ఈ జాబితాలో తుపాకికి దొరికే చోటు చిట్టచివర, మిగిలిన నాలుగింటిని ఏరిపారేయడానికి. తుపాకిని ముందు నిలబెట్టిన సందర్భం ఒకటుంది, 1932లో కాంపియన్ ప్రాంతపు గోధుమ పొలాల్లో ఈమూ పక్షుల మీదికి మేజర్ మెరెడిత్ రెండు లూయిస్ మెషీన్‌గన్‌లు, 10,000 తూటాలతో వెళ్లడం. పక్షులు నెగ్గాయి. మెషీన్‌గన్‌కే సాగని పని ఒక్కో తూటా పెట్టి కాల్చే బోల్ట్ యాక్షన్‌కు సాగుతుందంటే ఆ పక్షులే నమ్మవు.

అయినా ఆ తుపాకి తయారీ చూస్తే ముచ్చటేస్తుంది, అది దాచను. బారెల్ కడ్డీని లేత్ మీద కూర్చోబెట్టి, దాని లోపలి రంధ్రం తిరుగుడుకు నడిమధ్యన పడిందో లేదో గేజీతో మళ్లీ మళ్లీ చూసుకుని, అప్పుడు తూటా కూర్చునే గదిని కొంచెం కొంచెంగా తొలుస్తారు. యాక్షన్ కింద సందు లేకుండా ఎపాక్సీ పోసి అచ్చు కడతారు. ఆ తర్వాత రాత్రిపూట యజమాని బల్ల ముందు కూర్చుంటాడు. ఇత్తడి తొడుగుల మెడలు ఒకే మందంగా ఉండేలా చెక్కుతాడు. మందును గ్రెయిన్‌లో పదో వంతు తేడా రాకుండా తూస్తాడు. అంటే రెండు మూడు ఆవగింజల బరువు. ఆ మందు కూడా పరాయిది కాదు, మర్రే నది ఒడ్డున ముల్వాలాలో తయారైనది. దాన్నే అమెరికావాళ్లు హాడ్జ్‌డన్ డబ్బాల్లో పోసి తమ షూటర్లకు అమ్ముకుంటారు. .22-250 రకం తూటా ఇంత సేవ చేయించుకుని సెకనుకు 1,100 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. ఐదు వందల మీటర్లు చేరడానికి అర సెకను దాటుతుంది. ఈలోగా గంటకు 16 కిలోమీటర్ల గాలి అడ్డంగా వీచిందంటే రెండడుగులకు పైగా పక్కకు జరుగుతుంది. కుందేలు పొడవు అడుగున్నర లేదు. అందుకే ఆయన స్కోపులో కుందేలును చూడడు, కుందేలుకు ముందు అలలు అలలుగా కదిలే ఎండమావులు ఎటు వాలుతున్నాయో చూసి గాలిని లెక్కగడతాడు. కుందేలు మేత ముగించుకుని బొరియలోకి పోతుంది. మంచి ఏడాదిలో ఒక ఆడకుందేలు ముప్పై పిల్లల దాకా పెడుతుంది, ఏ లెక్కా గట్టకుండానే.

మరి కుందేలు పేరెందుకు చెప్పాలి? ఇక్కడ చట్టం అడ్డొస్తుంది. 1996లో పోర్ట్ ఆర్థర్‌లో 35 మందిని ఒకడు కాల్చి చంపాక, ఆస్ట్రేలియా ఆ ఏడే జాతీయ ఒప్పందం తెచ్చి లక్షల తుపాకులు వెనక్కి కొని కరిగించింది. మంచి పని చేసింది. అప్పటినుంచి తుపాకి కావాలంటే సరైన కారణం చూపాలి, మొదటిసారైతే 28 రోజులు ఆగాలి. ఆత్మరక్షణ అంటే ఒప్పుకోరు. ఎక్కువ శక్తి గల సెంటర్‌ఫైర్ రైఫిల్ కావాలంటే చిన్న .22 సరిపోదని కూడా ఒప్పించాలి. “నాకు లేత్ పని అంటే ప్రాణం, ఆవగింజలు తూచడం ఇష్టం” అని రాసే గడి ఆ ఫారంలో లేదు. ‘హానికర జంతువుల నియంత్రణ’ అనే గడి ఉంది. అక్కడ కుందేలు వచ్చి జామీను సంతకం పెడుతుంది. చట్టాన్ని చూసి తుపాకి ఆకారం మార్చుకోవడం వాళ్లకు కొత్త కూడా కాదు. లిత్‌గోలో 1912లో మొదలైన ఆయుధ కర్మాగారం నుంచి వచ్చిన .303 సైనిక రైఫిళ్లు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చవగ్గా దొరికాయి. న్యూ సౌత్ వేల్స్‌లో సైనిక కాలిబర్ మీద ఆంక్షలుంటే, తూటా మెడ నొక్కి సన్నబరిచి, బారెల్ మార్చి, ముందరి చెక్క కోసేసి .303/25 అనే నాటు రకం పుట్టించారు. ఆ దేశపు అసలు సిసలు కస్టమ్ రైఫిల్ అదే. పేదవాడు షెడ్డులో చేయించుకున్నది. దాంతో కుందేళ్లనూ నక్కలనూ దగ్గరికి పోయి కొట్టేవారు, ఇంటికి తెచ్చి వండుకునేవారు.

నక్క సంగతేమిటని మొదటి అభ్యంతరం వస్తుంది. గొర్రెలు ఈనే రోజుల్లో పిల్లల్ని ఎత్తుకుపోయే నక్క మనిషిని దగ్గరికి రానివ్వదు, దూరం నుంచి కొట్టక తప్పదని. సబబైన మాటే, విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వం నక్క తలకు డబ్బు కూడా ఇచ్చింది. (నక్కనూ వేట సరదాకే తెచ్చారని వేరే చెప్పాలా?) కానీ నక్క మీద ఆ దేశం కనిపెట్టిన గొప్ప ఆయుధం వేరే ఉంది. మడిచిన చిన్న రేకుముక్క, మధ్యలో బెజ్జం, దాని పేరు టెంటర్‌ఫీల్డ్ విజిల్. పెదవుల మధ్య పెట్టి గాలి లోపలికి పీలిస్తే, దెబ్బతిన్న కుందేలు ఏడ్చినట్టు ఉంటుంది. నక్క తనంతట తనే పరిగెత్తుకుంటూ వచ్చి పది పదిహేను అడుగుల దూరాన నిలబడుతుంది. అప్పుడు దుకాణంలో కొన్న మామూలు తుపాకి చాలు. జేబులో కొద్ది డాలర్ల విజిల్, భుజాన వేల డాలర్ల రైఫిల్ ఉన్నవాడు విజిల్ ఊదడు. ఊదితే నక్క దగ్గరికొచ్చి ముచ్చటంతా చెడగొడుతుంది.

గురి తప్పని తుపాకి అయితే జంతువు బాధ లేకుండా పోతుంది కదా, అది దయ కాదా అని మరో మాట. దయే, ఒప్పుకుందాం. అయితే ఆ ఐదు వందల మీటర్ల దూరం కుందేలు పెట్టింది కాదు. యూట్ వాహనం మీద దీపం పట్టుకుని వెళ్లే రైతు కొడుకు రాత్రిళ్లు యాభై మీటర్ల నుంచి చిన్న .22తో కొట్టుకొస్తాడు. గాలి తప్పుగా చూసే సందే లేదు. దూరాన్ని తనే పెంచుకుని, ఆ దూరానికి మందుగా ఖరీదైన బారెల్ వేసి, దానికి కరుణ అని పేరు పెడితే ఎలా? అలాగైతే కాగితం మీద కాల్చుకోవచ్చు కదా అని అడిగారో, సమాధానం కొంచెం తడబడుతుంది. ఎందుకంటే అక్కడి షూటర్ల సంఘం పోటీల్లో ‘ఫ్లై’ అని ఒకటుంది, ఐదు వందల మీటర్ల దూరంలో ఈగ బొమ్మ అచ్చువేసిన కాగితాన్ని కొట్టాలి. ఈగ కన్నా కష్టమైన గురి ఇంకేం కావాలి? పైగా గురి పోటీ చట్టం ఒప్పుకునే కారణాల్లో ఒకటి. చిక్కల్లా, క్లబ్బు ఏడాదికి ఇన్నిసార్లు రావాలంటుంది, పలక మీద మార్కులు అందరి ముందూ వేస్తుంది. కుందేలు హాజరు పట్టీ రాయదు. తప్పిపోయిన గుండుకు దుమ్ము లేస్తుందే గానీ సాక్షి ఉండడు. ఆ దూరాన పడ్డ కుందేలుకు ఎన్ని కాళ్లన్నది కొట్టినవాడు చెప్పిందే లెక్క, ఈ విషయంలో మన సామెతకు వీసా కూడా అక్కర్లేదు.

రేపు ఇంకో వైరస్ వచ్చి కుందేళ్లు బొత్తిగా పోతే ఈ కళ ఏమవుతుందోనని దిగులుపడేవాళ్లకు ఒక కబురు. ఆ కాలపు దొరలు కుందేలుతో ఆగలేదు. చుక్కల జింకలను 1886లోనే ఉత్తర క్వీన్స్‌లాండ్‌లోని మేరీవేల్ ఎస్టేటులో వదిలారు, అవిప్పుడక్కడ పచ్చిక తినేసే హానికర జంతువులు. మన తెలంగాణ రాష్ట్ర జంతువు కూడా చుక్కల జింకే. దాన్ని ఇక్కడ కొడితే 1972 వన్యప్రాణి చట్టం కింద జైలు. అక్కడ క్వీన్స్‌లాండ్‌లో చార్టర్స్ టవర్స్ దగ్గర కొడితే పొలం యజమాని టీ ఇచ్చి, మళ్లీ ఎప్పుడొస్తారని అడుగుతాడు.