గేర్‌బాక్సుకు జెప్పేటోడెవడు?

ఇప్పటి పిలగాండ్లకు కార్బొరేటర్ బండంటే మురిపెం, ఆటోమేటిక్ అంటే సంబురం. రెండూ ఒక్క బండిలనే గావాలె. ఇంజన్ మారుస్తరు, గేర్‌బాక్సు పాతదే ఉంచుతరు, ఆఖరికి "కాకా, గేరు పడతలేదు" అని వనపర్తికి నా కాడికి వస్తరు. ఎట్ల పడతది? పైన ఇంజన్ మారిందని గేర్‌బాక్సుకు ఎవడన్న జెప్పిండా?

మా రోజులల్ల గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు ఆటోమేటిక్ బండి కండ్ల వడేది గాదు. అంబాసిడర్లు, విల్లీస్ జీపులు, అక్కడొకటి ఇక్కడొకటి పద్మిని. పెట్రోలు పిరమైతే కార్బొరేటర్‌తో సహా ఇంజన్ దించి మెటాడోర్ డీజిల్ ఇంజన్ ఎక్కిస్తుండిరి. మౌంటింగులు కోసి, బెల్ హౌసింగుకు ప్లేటేసి, షాఫ్టు పొడుగు సరిజేస్తే పనైపాయె. నడుమ డ్రైవర్ కాలుండె గనక గేర్‌బాక్సుకు ఇంజన్‌తోని ముచ్చటే లేకుండె.

ఆటోమేటిక్ పని నేను సౌదీల నేర్చుకున్న. షెవ్రొలే కాప్రిస్‌లు, జీఎంసీ పికప్‌లు. వాటికి 1982 నుంచి 700ఆర్4 అని గేర్‌బాక్సు వచ్చె. కార్బొరేటర్ కాడి నుంచి దానికొక కేబుల్ దిగుతది, టీవీ కేబుల్ అంటరు. ఇంట్ల టీవీ గాదు, థ్రాటిల్ వాల్వు. ఓవర్‌టేక్ చేసేటప్పుడు గేరు తగ్గనీకె పెట్టిండ్రని చానామంది అనుకుంటరు. అసలు పని అది గాదు. లోపట ఆయిల్ ప్రెషర్ ఎంతుండాల్నో జెప్పేది ఆ కేబులే. అది లూజుంటే ఆక్సిలరేటర్ ఎంత తొక్కినా ప్రెషర్ లేవదు, క్లచ్ ప్లేట్లు పట్టుదప్పి జారుతయ్. మూడు-నాలుగు గేర్ల ప్లేట్లు ముందుగాల మాడుతయ్. ఎర్రటి ఆయిల్ నల్లవడి కాలిన వాసనొచ్చిందంటే బాక్సు ఇప్పాల్సిందే.

ఇంగో కంపెనీ కార్బొరేటర్ పెడితే కేబుల్ తగిలించే లివర్ కొలత మారుతది. ఫుల్లు తొక్కితే కేబుల్ ఆఖరుదాకా గుంజాలె, ఇడిస్తే మళ్ల మొదటికి రావాలె. రెండూ కుదరకుంటే దానికోసమే అమ్మే బ్రాకెట్టు తెచ్చి పెట్టాలె. టొయోటా క్రెసిడాల ఇంకా సుల్వు. ఫుల్లు తొక్కినప్పుడు కేబుల్ మీది స్టాపర్‌కు, రబ్బర్ బూటు అంచుకు నడుమ సందు 1 మిల్లీమీటరు దాటొద్దు. కండ్లతోనే సూడొచ్చు.

700ఆర్4కు ముందటి టర్బో 350 గేర్‌బాక్సుకు ఇంజన్ మానిఫోల్డు నుంచి వాక్యూమ్ పైపు వస్తుండె. మన అలవాటుకొద్ది దాని మీద డీజిల్ ఎక్కిస్తే ఆ పైపుల గాలి గుంజేదే ఉండదు, వేరే పంపు పెట్టాలె. ఈ ముచ్చట ఫోన్ల వీడియో జూసి వచ్చినోనికి జెప్తే నా మొకం దిక్కు జూస్తడు.

1993 నుంచి ఆ 700ఆర్4 బాక్సే 4ఎల్60ఈ పేరుతోని కంప్యూటర్ చేతికి పోయె. కేబుల్ మాయం. దాని మీద కార్బొరేటర్ ఇంజన్ కూసోబెడితే కాలు ఎంత తొక్కుతున్నవో జెప్పే సెన్సర్ లేదు, వినే కంప్యూటర్ లేదు. డ్రైవ్‌లో పెడితే మూడో గేర్లనే మొండికేసి నిలవడతది. కార్బొరేటర్‌కు సెన్సర్ బిగించి, గేర్‌బాక్సుకు వేరే కంట్రోలర్ పెడితే నడుస్తది, కాదన. కానీ మేం స్క్రూడ్రైవర్‌తోని జేసిన దానికి వీండ్లకు లాప్‌టాప్ గావాలె. 1959ల పెట్టిన మా వనపర్తి పాలిటెక్నిక్ పిలగాండ్లు లాప్‌టాప్ ముంగట మస్తు తెలివి. కేబుల్ చేతికిస్తే ఏ దిక్కు గుంజాలె అని అడుగుతరు. ఇంగ ఇంజన్ మార్చినంక ఆర్సీల ఎక్కియ్యాలె, 1988 మోటార్ చట్టం 52వ సెక్షన్ అదే జెప్తది అంటే నవ్వుతరు.

ఇంగ నడుపుడు జూస్తే, మన్ననూరు దాటి శ్రీశైలం ఘాటు దిగేటప్పుడన్న గేరు లివర్ 2 మీదికి గుంజుతరా? డ్రైవ్‌లోనే ఇడిసి, దోమలపెంట దాకా బ్రేకు మీదనే కాలు. లైనర్లు పొగ లేస్తే అప్పుడు గేర్‌బాక్సును తిడతరు.

అన్నిటికన్న కడుపు మండేది ఆగిపోయిన బండిని బీచుపల్లి నుంచి తాడు గట్టి గుంజుకొచ్చుడు. ఆటోమేటిక్‌ల ఆయిల్ పంపు ఇంజన్ తిరిగితేనే తిరుగుతది. ఇంజన్ బందుంచి, చక్రాలు నేల మీద పెట్టి 44వ నంబర్ హైవే మీద ఉరికిస్తే లోపట ఆయిల్ చుక్క పారదు, ఉన్న బుష్‌లూ అరిగిపోతయ్. ఎనుక చక్రాలు లేపి తేవాలె, లేకుంటే షాఫ్టు ఇప్పి తేవాలె. ఫోన్ల అదే జెప్తే, "పాన ఎవరు పట్టాలె కాకా" అంటరు.