ఆదివారం పైలట్ బావగారు

న్యూజెర్సీ తెలుగువాళ్ల విందుల్లో ఆయన్ని పోల్చుకోవడం తేలిక. అందరూ ఇళ్ల ధరలు, పిల్లల కాలేజీ ఫీజుల గురించి మాట్లాడుకుంటుంటే ఒక్కాయన కిటికీ దగ్గర నిలబడి మబ్బులు ఎంత ఎత్తున ఉన్నాయో లెక్కగడుతుంటారు. వారంలో ఐదు రోజులు బ్యాంకు సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టే ఉద్యోగి, శనాదివారాల్లో వైమానికుడు. అసలు పేరేదైనా ఊరంతటికీ ఆయన పైలట్ బావగారు.

ప్రైవేటు పైలట్ లైసెన్సుకు చట్టం అడిగేది కనీసం 40 గంటల శిక్షణే. ఆ 40తో గట్టెక్కేవాళ్లు తక్కువ, బావగారూ గట్టెక్కలేదు. కొత్త సోఫా వాయిదా పడింది, కారు మార్చడం వాయిదా పడింది. లైసెన్సు చేతికొస్తే ఖర్చు తగ్గుతుందని అక్కయ్య ఆశపడింది. అప్పుడు బయటికొచ్చింది ఇంకో నిబంధన: ప్రయాణికుల్ని ఎక్కించుకోవాలంటే గడిచిన 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చేసి ఉండాలి. "నా సరదా కాదే, ఫెడరల్ రూలు" అంటూ బావగారు కారు తాళాలు అందుకుంటారు.

ఇండియా నుంచి ఎవరైనా దిగారంటే ఆయనకు పండగే. కాఫీ కప్పు కింద పెట్టకముందే అడిగేస్తారు.

"అత్తయ్యగారూ, మీ బరువెంత?"

ఆవిడ తెల్లబోయి కూతురివైపు చూస్తుంది. "అరవై ఉంటానేమో బాబూ."

"చీర, శాలువా, హ్యాండ్‌బ్యాగు కలిపేనా?"

ఆ తర్వాత బాత్రూములో ఉండాల్సిన బరువు తూచే మిషను హాల్లోకి వస్తుంది. మామగారు ఎక్కుతారు, అత్తగారు గొణుక్కుంటూ ఎక్కుతారు, ఆఖర్న జంతికల డబ్బా కూడా ఎక్కుతుంది. ఇందులో బావగారి తప్పేమీ లేదు. ఆయన అద్దెకు తీసుకునే సెస్నా 172ఎస్ టేకాఫ్ బరువు 2,550 పౌండ్లు దాటకూడదు. ట్యాంకులు నిండా నింపితే మనుషులకూ సామాన్లకూ మిగిలేది సుమారు 550 పౌండ్లు. సీట్లు నాలుగున్నాయి కదా అని నలుగురు పుష్టిగా ఉన్నవాళ్లు ఎక్కితే కుదరదు. అక్కయ్య ఎప్పుడూ నేలమీదే ఉండిపోవడానికి ఇదే కారణమని ఆయన అంటారు. ఆవిడ వేరే కారణం చెబుతుంది.

లిండెన్‌లాంటి చిన్న ఎయిర్‌పోర్టులో బయల్దేరి హడ్సన్ నది మీదుగా న్యూయార్క్ చూపించడం ఆయన ప్రత్యేకత. ఒకపక్క న్యూవార్క్, ఇంకోపక్క లాగార్డియా, కెనడీ. ఇన్ని పెద్ద ఎయిర్‌పోర్టుల మధ్య నది మీద 1,300 అడుగుల లోపు చిన్న విమానాలకంటూ ఒక సందు వదిలారు. అందులో కంట్రోలరు ఎవరినీ నడిపించరు. ఆగకుండా దాటిపోయేవాళ్లు 1,000 అడుగుల నుంచి 1,300 లోపు, చుట్టూ తిరిగి చూసేవాళ్లు 1,000కి కింద. ఉత్తరానికి పోయేవాళ్లు తూర్పు ఒడ్డు, దక్షిణానికి పోయేవాళ్లు పడమటి ఒడ్డు పట్టాలి. వేగం 140 నాట్లు మించకూడదు, లైట్లన్నీ వెలగాలి. ఎవరెక్కడున్నారో వాళ్లే రేడియోలో 123.05 మెగాహెర్ట్జ్ మీద చెప్పుకోవాలి.

అసలు తమాషా ఇక్కడే. "ఎక్కడున్నారండీ?" అని అక్కయ్య ఫోన్ చేస్తే "వస్తున్నా" అని తప్ప ఇంకో ముక్క చెప్పని మనిషి, వెరజానో వంతెన రాగానే ముక్కూ మొహం తెలియనివాళ్లకు ఒక్కటీ దాచకుండా చెప్పేస్తారు: తెల్ల సెస్నా, వెరజానో, ఉత్తరం వైపు, పదకొండు వందల అడుగులు. లిబర్టీ విగ్రహం దగ్గర మళ్లీ చెబుతారు. జెర్సీ సిటీ ఒడ్డున 1924 నుంచి ఉన్న కోల్గేట్ గడియారం దగ్గర, మ్యూజియంగా మారిన యుద్ధనౌక ఇంట్రెపిడ్ దగ్గర, జార్జ్ వాషింగ్టన్ వంతెన దగ్గర, ఎఫ్‌ఎం రేడియో కనిపెట్టిన ఆర్మ్‌స్ట్రాంగ్ కట్టించిన ఆల్పైన్ టవర్ దగ్గర మళ్లీ మళ్లీ అదే పాట. విందులో అరగంట ఉపన్యాసమిచ్చే నోటి నుంచి అక్కడ నాలుగు ముక్కలకు మించి రావు.

ఆ పొదుపు వెనక ఒక విషాదం ఉంది. 2009 ఆగస్టు 8న ఇదే నది మీద ఒక పైపర్ విమానం, పర్యాటకుల హెలికాప్టర్ ఢీకొని తొమ్మిది మంది చనిపోయారు. అంతదాకా సలహాలుగా ఉన్నవాటిలో చాలా పద్ధతులు ఆ నవంబరు నుంచి తప్పనిసరి నిబంధనలయ్యాయి. ఈ సంగతి చెప్పేటప్పుడు మాత్రం బావగారు జోకులు వేయరు.

అందుకే ఎక్కించేముందే హెచ్చరిస్తారు: "నేను చెయ్యెత్తితే ఎవరూ మాట్లాడొద్దు. ఇంకో విమానం కనిపిస్తే మాత్రం అరవండి." కుడివైపు మన్‌హాటన్ మేడలు వరసగా కదులుతుంటే మామగారు ఫోన్‌లో వీడియో తీస్తూ మునిగిపోతారు. వన్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఎత్తు 1,776 అడుగులు. విమానంలో కూర్చున్నా దాని కొస చూడాలంటే తలెత్తాల్సిందే. అంతలో వెనకసీట్లోంచి అత్తగారి కేక: "బాబూ, కింద హెలికాప్టర్!" ఆవిడ చూసింది నిజమే. ఆ రోజు నుంచి అల్లుడి లెక్కలో ఆవిడ స్థాయి మామగారికంటే ఓ మెట్టు పెరిగింది.

దిగాక బిల్లు దగ్గర అచ్చ తెలుగు పోరాటం మొదలవుతుంది. "మొత్తం నేనిస్తా" అని మామగారు పర్సు తీస్తారు. పైలట్ బావగారు రెండడుగులు వెనక్కి వేస్తారు. అది మొహమాటం కాదు. ప్రైవేటు పైలట్ డబ్బు తీసుకుని జనాన్ని తిప్పకూడదు. అద్దె, పెట్రోలు ఖర్చులు పంచుకోవచ్చుగానీ తన వాటా తాను పెట్టుకోవాల్సిందే. తనతో కలిపి ముగ్గురు ఎక్కితే అది మూడో వంతుకు తగ్గకూడదు.

కాబట్టి ఆయన పిలిస్తే తప్పకుండా వెళ్లండి. బరువు ఉన్నదున్నట్టు చెప్పండి, మీ వాటా మీరివ్వండి. మర్యాదకు పోయి మొత్తం బిల్లు కట్టారో, ఆయన లైసెన్సుకు మీరే ఎసరు పెట్టినవాళ్లవుతారు.