గజమాలకు క్రేను, మనిషికి నిచ్చెన

2024 సెప్టెంబరులో మా పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. ఊరి పేరు మారింది గానీ, మా సందు చివర కరెంటు స్తంభానికి ఆనించే వెదురు నిచ్చెన మారలేదు. మెట్టు విరిగితే తాడు కట్టారు, తాడు కుళ్ళితే ఇన్సులేషన్ టేపు చుట్టారు. ఆ నిచ్చెనకు ఇన్సులేషన్ అంటే ఆ టేపే.

మొన్న వానకు మా జంగ్లీఘాట్‌లో కొబ్బరిమట్ట తీగల మీద పడింది. ఎవరో కాంట్రాక్టరు మనుషులట, ఇద్దరొచ్చారు. పెద్దాయన కింద నిచ్చెన పట్టుకున్నాడు. పాతికేళ్ళ కుర్రాడు హవాయి చెప్పులు విప్పి పక్కన పెట్టి, వట్టికాళ్ళతో ఎక్కాడు. ఎడమచేత్తో స్తంభాన్ని వాటేసుకున్నాడు, కుడిచేత్తో కటింగ్ ప్లేయరు. నడుముకు బెల్టు లేదు, చేతికి గ్లౌజు లేదు.

"బకెట్ బండి తేలేదేం?" అని అడిగాను.

"ఈ సందులో తిరగదంట మాస్టారూ. తిరిగినా ఈ ఏటవాలు మీద నిలబడదంట. మేమైతే ఎక్కడైనా నిలబడతాం గదేటి!" అన్నాడు సిక్కోలు పెద్దాయన, పైనుంచి కళ్ళు తిప్పకుండానే.

నిజమే, మనిషిని తొట్టిలో నిలబెట్టి తీగల దాకా ఎత్తే ఈ బకెట్ బండి మహా సుకుమారి. నిలబడాలంటే చదును నేల కావాలి, అటూ ఇటూ జాకీ కాళ్ళు చాపుకోవాలి. కరెంటు పని చేయాలంటే దాని చేతిలో పైభాగం ఫైబర్‌గ్లాసుదై ఉండాలి. వీధిదీపాలు మార్చే ఇనుపచేతి బండి మనిషిని ఎత్తుతుందే గానీ కరెంటును ఆపదు. మా ఉప్పుగాలికి ఫైబర్‌గ్లాసు మీద పేరుకునే పొరను కడుగుతుండాలి, ఏడాదికోసారైనా పరీక్ష చేయించాలి. పైనున్నవాడు సొమ్మసిల్లితే కిందివాడు మీట నొక్కి దించేలా ఉండాలి.

మనిషికి ఇన్ని సోకులు లేవు. అతణ్ణి ప్రత్యేకంగా కడగక్కర్లేదు, ఏడాదికి సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వాన ఆ పని చూసుకుంటుంది. పరీక్ష చేయించక్కర్లేదు, ఆ పరీక్ష లైనే పెడుతుంది. ఇక దించడానికంటారా, భూమ్యాకర్షణ శక్తి ఉండనే ఉంది. దానికి డీజిలు ఖర్చు కూడా లేదు.

నిబంధనలు లేవని మాత్రం ఎవరూ అనకూడదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో కొత్త భద్రతా నిబంధనలే తెచ్చింది. లైను ఆపాలి, కరెంటు లేదని తేల్చుకోవాలి, ఎర్త్ చేయాలి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ కాగితం చేతికి రావాలి. మా సందులో ఎల్‌సీ అంటే ఫోన్లో "కట్ చేశాం, ఎక్కు" అనే మాట. అసలు మా దీవులకు మెయిన్‌ల్యాండ్ గ్రిడ్‌తో తీగ సంబంధం లేదు. ఎక్కువగా డీజిల్ జనరేటర్ల మీద బతికే ఊళ్ళివి. లైను పోగానే కొట్టుకో జనరేటరు అందుకుంటుంది. వాటిలో ఏ ఒక్కదానికి చేంజోవర్ స్విచ్ సరిగా లేకపోయినా, చచ్చిందనుకున్న లైను వెనకనుంచి లేచి కూర్చుంటుంది. ఫోన్లో అన్న మాటకు ఎర్త్ ఎక్కడ కడతారు?

మనకు యంత్రాలు కొత్తా? 2020లో చెన్నై నుంచి మా దీవుల దాకా సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేశారు. సముద్రం అడుగు దాకా దిగడానికి దొరికిన యంత్రం, తొమ్మిది మీటర్ల స్తంభం పైకి ఎక్కడానికి దొరకదు. ఆ కేబుల్ పుణ్యమా అని మా కుర్రాళ్ళు ఫోన్లలో ఆంధ్రా వైభవం కళ్ళారా చూస్తున్నారు. నాయకుడికి గజమాల వేయడానికి క్రేను, పూలు చల్లడానికి బారులు తీరిన జేసీబీలు. బంతిపూలు జారిపడితే నడుం విరగదు, అయినా వాటికి అంత జాగ్రత్త. అదే ఆంధ్రాలో 2020 సెప్టెంబరు 1న, చిత్తూరు జిల్లా శాంతిపురం దగ్గర అభిమాన హీరో పుట్టినరోజుకు ఫ్లెక్సీ కడుతూ ముగ్గురు కరెంటుకు బలయ్యారు. ఆ ఫ్లెక్సీ ఎత్తడానికి ఏ క్రేనూ రాలేదు.

తెలంగాణలో 2024లో గీత కార్మికులకు వాళ్ళు కొలిచే కాటమయ్య పేరిట రక్షణ కిట్లు ఇచ్చారు. మంచి పని. అయితే తాటిచెట్టులో కరెంటు పారదు. పారే స్తంభం ఎక్కేవాడికి మాత్రం కాటమయ్యా లేడు, కిట్టూ లేదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. బకెట్ బండి తిరగని ఇదే సందులో, జరగరానిది జరిగితే అంబులెన్సు చక్కగా తిరుగుతుంది. దాని వెనకే పరామర్శ కార్లు నాలుగు, ఒకదాని తోక ఒకటి పట్టుకుని వస్తాయి.

అందుకే నాదొక చిన్న మనవి. చట్టం మార్చక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. "నిచ్చెన చాలు" అని ఫైలు మీద రాసే ప్రతి దొరగారూ ఆ సంతకం మా సందు స్తంభం దగ్గరే పెట్టాలి. వానాకాలంలో, బూట్లు విప్పి, పైమెట్టు మీద నిలబడి. ఎడమచెయ్యి ఎలాగూ స్తంభాన్ని వాటేసుకుని ఉంటుంది, కుడిచేతిలో పెన్ను. ఫైలు ఎవరు పట్టుకుంటారని అడగొచ్చు. కింద నిచ్చెన పట్టుకున్న మా సిక్కోలు పెద్దాయన పట్టుకుంటాడు, నిచ్చెన వదిలేసి.